ఇస్ఫహాన్ మైదానంలో అక్కతో నాలుగు రోజులు

మొదటి రోజు, బుధవారం

టెహ్రాన్ నుంచి ఇస్ఫహాన్‌కి బస్సులో సుమారు 450 కిలోమీటర్లు. వరసకి మూడే సీట్లుండే బస్సు, హాయిగా కాళ్ళు చాపుకోవచ్చు, ఎక్కగానే చిన్న అట్టపెట్టెలో కేకూ జ్యూసూ పెట్టి చేతికిచ్చారు. దారి పొడుగునా మట్టిరంగు కొండలు తప్ప చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి ఆ ఆరు గంటలూ నేనూ అక్కా వాదించుకుంటూ కూచున్నాం. హైదరాబాదుని ఇస్ఫహాన్‌ని చూసి కట్టారా లేదా అన్నదే వాదన. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే కదా, మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వచ్చి కులీ కుతుబ్ షా దగ్గర పేష్వా, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు, ఊరికి నక్షా వేశాడు, కొత్త ఇస్ఫహాన్ కడదామనుకున్నాడు అని. నేను ఆ మాట పట్టుకునే ఈ ప్రయాణం పెట్టుకున్నా. అక్క ప్రభుత్వ ఇంజినీరుగా ముప్పయ్యేళ్ళు చేసి రిటైరయింది, ఏ కట్టడం గురించైనా ముందు తేదీలు చూస్తుంది. "ఒరేయ్, చార్మినార్ 1591. ఇరాన్ రాజు షా అబ్బాస్ తన రాజధానిని ఖజ్విన్ నుంచి ఇస్ఫహాన్‌కి మార్చింది 1598. మనం చూడబోతున్న మైదానం మసీదులు రెండూ 1600 దాటాక లేచినవి. ఇంకా పుట్టని వాడి పోలిక ఎవరికైనా వస్తుందిరా?" అంది. పాత ఇస్ఫహాన్ ఒకటి ఉంది కదా, దాన్ని చూసి ఉంటారులే అన్నాను గానీ, గొంతులో పస లేదని నాకే తెలుస్తోంది.

హోటల్లో సామాన్లు పడేసి, చీకటి పడకముందే మైదానానికి నడిచాం. పక్క సందులోంచి వెళ్ళాం కాబట్టి ముందుగా ఏమీ కనిపించలేదు. కప్పున్న చిన్న బజారు, రాగి చెంబుల మీద సుత్తి దెబ్బల మోత, ఎవరో దాల్చినచెక్క వేసి కాస్తున్న టీ వాసన. ఆ చీకటి బజారు ఓ కమాను కింద ఆగిపోతుంది, దాటగానే కళ్ళముందు ఆకాశం తప్ప ఏమీ లేదన్నట్టు ఉంటుంది. అంత ఖాళీ స్థలం ఊరి మధ్యలో ఉంటుందని ఫోటోలు వంద చూసినా తట్టదు. పొడవు 560 మీటర్లు, వెడల్పు 160. ప్రపంచంలోకెల్లా రెండో పెద్ద ఊరి మైదానం అని ప్రతి గైడూ అంటాడు. ఆ పోటీలో ఎవరు ఎన్నోవాళ్ళో నాకు అనవసరం.

చుట్టూ నాలుగు వైపులా రెండంతస్తుల కమానుల వరస. ఎక్కడా తెగదు, ఎత్తు మారదు, ఒకే లెక్కలో సాగిపోతూ ఉంటుంది, నాలుగంటే నాలుగు చోట్ల మాత్రం దాన్ని చీల్చుకుని నాలుగు కట్టడాలు పైకి లేస్తాయి. దక్షిణాన షా మసీదు, తూర్పున షేక్ లుత్‌ఫుల్లా మసీదు, పడమట అలీ కాపూ మహలు, ఉత్తరాన ఖైసరియా బజారు వాకిలి. దీని పేరు నఖ్షే జహాన్. నఖ్ష్ అంటే బొమ్మ, చిత్తరువు, మన నక్షా కూడా ఆ వేరు నుంచి వచ్చిందే. జహాన్ అంటే లోకం. తర్వాత షా మైదానం అన్నారు, 1979 విప్లవం తర్వాత ఇమామ్ మైదానం అని మార్చారు. అదే ఏడాది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఊళ్ళో జనం మాత్రం ఇప్పటికీ నఖ్షే జహాన్ అనే అంటున్నారు.

అక్క అడుగులు లెక్కపెట్టి పొడవు కొలుస్తానని దక్షిణపు కొస నుంచి బయల్దేరింది. రెండు వందలు దాటాక ఒక కుర్రాడు ఎదురొచ్చి, "హెండ్? అమితాబ్ బచ్చన్!" అని మొదలుపెట్టి (హెండ్ అంటే ఇండియా), వాళ్ళ బాబాయి తివాచీల దుకాణంలో టీ తాగి వెళ్ళమన్నాడు. లెక్క పోయింది. టీ తాగాం, తివాచీ కొనలేదు. కొనలేదని వాళ్ళేమీ మొహం మాడ్చుకోలేదు కూడా.

రాత్రి భోజనం దగ్గర ఒక దెబ్బ తగిలింది. ఇస్ఫహాన్‌లో బెర్యానీ ఫేమస్ అని ఎక్కడో విని, పొద్దున్నుంచీ ఆశ పెట్టుకుని ఆర్డరిచ్చాను. రొట్టె మీద గుండ్రంగా వేయించిన కైమా, పైన దాల్చినచెక్క పొడి, పక్కన ఉల్లిపాయా తులసి లాంటి ఆకూ. అంతే. అక్క రొట్టె ఎత్తి కింద చూసింది, "అన్నం ఏదిరా?" అని. రుచి బాగుంది, అబద్ధం చెప్పకూడదు, కానీ ఆ పేరు పెట్టుకుని అన్నం లేకపోవడం మనసుకి ఎక్కలేదు.

రెండో రోజు, గురువారం

పొద్దున్నే షేక్ లుత్‌ఫుల్లా మసీదు. బయట నుంచి చూస్తే ఒక తేడా వెంటనే కనిపిస్తుంది: మినార్లు లేవు. లోపలికి వెళ్తే ముంగిలి కూడా లేదు. 1603లో మొదలై 1619లో ముగిసిన ఈ మసీదు రాజకుటుంబం కోసం కట్టింది, అజాన్ ఇచ్చి ఊరిని పిలవాల్సిన అవసరం లేదు. లెబనాన్ వైపు జబల్ ఆమిల్ నుంచి వచ్చిన షేక్ లుత్‌ఫుల్లా అనే షియా పండితుడి పేరు పెట్టారు. షా అబ్బాస్ అలాంటి పండితుల్ని కోరి రప్పించుకున్నాడు, షియా మతం రాజ్యమతంగా స్థిరపడుతున్న కాలం అది.

గుమ్మటం వాకిలికి సూటిగా లేదు, కుడివైపుకి జరిగి ఉంది. నాకు మొదట అదేదో తప్పు జరిగినట్టు అనిపించింది. ఎదురుగా నిలబడి ఫోటో తీస్తే ఎంత సర్దినా ఫ్రేము సరిగ్గా కుదరదు. అక్క పది నిమిషాలు అటూ ఇటూ నడిచి, ఫోన్‌లో దిక్సూచి తెరిచి చూసి, "మైదానం ఒక దిక్కున ఉంది, మక్కా ఇంకో దిక్కున ఉందిరా" అంది.

లోపలికి వెళ్ళాక అర్థమైంది. వాకిలి దాటగానే హాలు రాదు. చీకటి నడవా ఒకటి వస్తుంది, నేల నుంచి కప్పు దాకా నీలం టైల్స్, వెలుతురు మాత్రం చిన్న జాలీ కిటికీల్లోంచి పడేదే. అది ఎడమకి తిప్పుతుంది, మళ్ళీ కుడికి తిప్పుతుంది. నడుస్తుంటే దిక్కు మారిందని కూడా తెలియదు. చివరి మలుపు తిరిగి గుమ్మటం కిందికి వచ్చేసరికి మనం ఖిబ్లాకి, అంటే మక్కా దిక్కుకి, ఎదురుగా, నైరుతికి మొహం పెట్టి నిలబడి ఉంటాం. దాదాపు 45 డిగ్రీల వంకరని ఆ నడవాలో దాచేశారు. బయట మైదానం వరస చెడలేదు, లోపల నమాజు దిక్కు చెడలేదు. ఆ ఒక్క మలుపు కోసమైనా ఇస్ఫహాన్ రావచ్చు.

ఆ గుమ్మటం గురించి ఎంత చెప్పినా ఫోటో చూపించినట్టే ఉంటుంది, ఒక్కటి చెప్పి వదిలేస్తాను. పైన నట్టనడుమ నెమలి బొమ్మ ఉంది. పైకి వెళ్ళేకొద్దీ నిమ్మకాయ ఆకారపు గళ్ళు చిన్నవవుతూ పోయి ఆ నడుమ కలుస్తాయి. వాకిలి దగ్గర సరైన చోట నిలబడి పైకి చూస్తే, కిటికీలోంచి గుమ్మటం లోపలి మీద పడే వెలుగు పట్టీ ఆ నెమలికి తోకలా పొడుగ్గా సాగుతుంది. తోక గీయలేదు, ఎండ గీస్తుంది. ఆ చోటు వెతుక్కోవడానికి అందరూ తలలు పైకెత్తి అడుగులో అడుగేసుకుంటూ వెనక్కి నడుస్తూ ఒకళ్ళకొకళ్ళు తగులుకుంటున్నారు. కట్టిన మేస్త్రీ ఉస్తాద్ మహమ్మద్ రెజా ఇస్ఫహానీ తన పేరు లోపల రాసుకున్నాడు, నీలం మీద తెల్లగా నడిచే పెద్ద అక్షరాలు అలీ రెజా అబ్బాసీవి. రాజు పేరు పక్కన మేస్త్రీ పేరు మిగలడం మన దగ్గర ఎంత అరుదో తలుచుకున్నాం.

బయటి గుమ్మటం ఉదయం మీగడ రంగులో ఉంది, సాయంత్రం చూస్తే గులాబీ ఛాయ. కారణం అక్క కనిపెట్టింది: నేపథ్యం మామూలు ఇటుక, మెరుగు లేదు, తీగల డిజైనుకి మాత్రమే మెరుగు పెట్టారు. ఎండ తిరిగినప్పుడల్లా తీగలు మెరుస్తాయి, ఇటుక ఎండ రంగు తాగుతుంది.

మధ్యాహ్నం షా మసీదు. 1611లో మొదలుపెట్టారు. షా అబ్బాస్‌కి అప్పటికి నలభై ఏళ్ళు, అన్నీ త్వరగా కావాలి. ఆ తొందర గోడల మీద చదువుకోవచ్చు. ముఖద్వారం దగ్గర టైల్స్‌ని దగ్గర్నుంచి చూడండి. అక్కడ ప్రతి పువ్వూ, ప్రతి ఆకూ వేరే వేరే రంగు పెంకులోంచి చెక్కి, అతికి కూర్చినవి. వేలితో తడిమితే ముక్కకీ ముక్కకీ మధ్య సన్నని గీత తగులుతుంది. నేను తడిమాను, కాపలా ఆయన చూసి వేలు ఊపాడు, సారీ చెప్పుకున్నాను. అదే లోపలికి వెళ్తే పద్ధతి మారిపోతుంది. చదరపు పలక మీద అన్ని రంగులూ కుంచెతో వేసి ఒకేసారి కాల్చేశారు, దీన్ని హఫ్త్ రంగీ అంటారు, ఏడు రంగులు అని. చేతిపని తక్కువ, వేగం ఎక్కువ, ఖర్చు తక్కువ. పలకల అంచులు నాపరాళ్ళ గచ్చులా చదరాలు చదరాలుగా కనిపిస్తాయి. రంగు లోతు కూడా రెండింటికీ ఒకటి కాదు, చెక్కి కూర్చిన దాంట్లో నీలం నీళ్ళలా ఉంటే ఇందులో కాగితం మీద సిరాలా ఉంటుంది. ఇంత పెద్ద మసీదుని ముక్క ముక్క కూర్చుకుంటూ పోతే రెండు తరాలు పట్టేది. "ఎస్టిమేటు దాటకుండా గడువులోగా ఇవ్వమంటే ఎవరైనా అదే చేస్తారు" అంది అక్క, తన సర్వీసు గుర్తొచ్చిందేమో.

ఇంత తొందరపడ్డా, రాజు 1629 జనవరిలో పోయాడు. ఆయన పోయాక కూడా కొన్ని పనులు సాగాయి.

ఇక్కడా అదే వంకర. ముఖద్వారం ఉత్తరంగా మైదానం వైపు చూస్తుంది, దాటి వసారాలోకి రాగానే మసీదంతా నైరుతికి తిరిగి ఉంటుంది. కానీ లుత్‌ఫుల్లాలోలా దాచలేదు, ఇక్కడ బాహాటంగా తిప్పారు. దానివల్ల ఒక లాభం జరిగింది. మసీదు సూటిగా ఉండి ఉంటే 27 మీటర్ల ఎత్తున్న ఆ ద్వారం, దాని మీద మినార్లు వెనకున్న గుమ్మటాన్ని చాలా వరకు కప్పేసేవి. వంకర తిరగడం వల్ల గుమ్మటం పక్కకి వచ్చి మైదానంలో ఎక్కడ నిలబడ్డా కనిపిస్తుంది. కావాలని చేశారా, కలిసొచ్చిందా అని అడిగితే, "దిక్కు మక్కాది, దాన్ని వాడుకున్న తెలివి మేస్త్రీది" అని అక్క తీర్పు.

మైదానాన్నే ఖిబ్లా దిక్కుకి తిప్పి గీయొచ్చు కదా, ఈ గొడవే ఉండేది కాదు కదా అనిపించింది. కానీ మైదానం ముందు వచ్చింది, మసీదులు తర్వాత. 1590ల్లో ఇది మహలు తోటల ముందున్న బహిరంగ స్థలం, సైన్యం కవాతు చేయడానికీ చౌగాన్ ఆడటానికీ. చౌగాన్ అంటే పోలో. రెండు కొసల్లోనూ రాతి గోలుపోస్టులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, తెలియకపోతే ఏవో కంచె రాళ్ళనుకుని దాటి వెళ్ళిపోతాం. నాలుగు వందల ఏళ్ళ నాటి గోలుపోస్టుకి జారబడి ఒక పిల్లాడు ఐస్‌క్రీమ్ తింటున్నాడు.

పెద్ద గుమ్మటం కింద నేలలో నల్లరాయి ఉంది, దాని మీద నిలబడి చప్పట్లు కొట్టాలి. నాకు ఏడు ప్రతిధ్వనులు లెక్కకి వచ్చాయి, అక్కకి ఎనిమిది. గుమ్మటం రెండు పొరలు, లోపలిది తక్కువ ఎత్తు, బయటిది యాభై మీటర్ల పైచిలుకు, మధ్యలో ఖాళీ. లోపల నిలబడ్డ మనిషికి తగిన కొలత ఒకటి, ఊరవతల నుంచి చూసేవాడికి తగిన కొలత ఇంకొకటి, రెండూ ఒకే గుమ్మటంతో కుదరవు కాబట్టి రెండు కట్టారు. ఈ కథనంలో ఇంజినీరింగ్ ఎక్కువైతే తప్పు నాది కాదు, పక్కనున్న మనిషిది.

ఇక్కడొక గైడు చెప్పిన కథ: పునాదులు వేశాక అవి కుదురుకోవడానికి టైమివ్వాలని మేస్త్రీ, రాజు కంగారు పెడుతున్నాడని ఎవరికీ చెప్పకుండా మాయమైపోయి, కొన్నేళ్ళకి తిరిగొచ్చాడట. చరిత్ర కాదు, కథే. కానీ మేస్త్రీ అలీ అక్బర్ ఇస్ఫహానీ పేరు మాత్రం నిజంగానే ద్వారం మీద ఉంది. అక్కకి ఆ కథ విపరీతంగా నచ్చింది, ఆ సాయంత్రం మూడుసార్లు చెప్పించుకుంది.

మూడో రోజు, శుక్రవారం

శుక్రవారం పొద్దున మసీదు ప్రార్థనలకే, మాలాంటి వాళ్ళకి తలుపు మూత. ముందే చూసుకుని ఉండాల్సింది. సరేలే అని మైదానంలోనే పచ్చికలో కూచున్నాం. చుట్టూ దుప్పట్లు పరుచుకుని కుటుంబాలు, గ్యాసు పొయ్యి మీద టీ, గుర్రబ్బగ్గీలు గంటలు మోగించుకుంటూ రౌండ్లు కొడుతున్నాయి. పక్కన కూచున్నావిడ మాకు పిస్తాలున్న గజ్ మిఠాయి ఇచ్చింది, పళ్ళకి అతుక్కుపోయింది, ఆవిడ నవ్వింది.

ఈ కొలనూ, పచ్చికా, పూలమొక్కలూ అన్నీ ఇరవయ్యో శతాబ్దపువి. షా అబ్బాస్ వంశం వాళ్ళు, సఫవీల కాలంలో ఇది ఇసక నేల. చుట్టూ నీటి కాలువ, కాలువ గట్టున చినార్ చెట్లు. పొద్దున సంత గుడారాలు, సాయంత్రం గారడీవాళ్ళు, కథలు చెప్పేవాళ్ళు, రాజు ఆడతానంటే అన్నీ తీసేసి చౌగాన్. 1617లో ఇక్కడికి వచ్చిన రోమ్ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే తన సొంత ఊళ్ళో పేరుమోసిన పియాజ్జా నవోనా కన్నా ఇదే బాగుందని రాశాడు. ఇస్ఫహాన్ నెస్ఫే జహాన్, ఇస్ఫహాన్ అంటే సగం లోకం అని వీళ్ళ సామెత. అయితే ఆ సగం లోకం నూట పాతికేళ్ళు కూడా నిలవలేదు. 1722లో అఫ్గాన్లు ఊరిని చుట్టుముట్టి ఆరు నెలలకు పైగా కదల్లేదు, లోపల జనం ఆకలితో చచ్చిపోయారు, చివరికి షా సుల్తాన్ హుసేన్ కిరీటం తీసి ఇచ్చేశాడు. ఆ తర్వాత రాజధాని చివరికి టెహ్రాన్ చేరింది. ఇక్కడ టైల్స్ రాలిపోతూ వచ్చాయి. ఇప్పుడు చూస్తున్న దాంట్లో చాలా వరకు తర్వాతి మరమ్మతులే.

మధ్యాహ్నం డబ్బుల దగ్గర తిప్పలు పడ్డాం. మన కార్డులేవీ ఇక్కడ పనిచేయవు, నోట్లు మార్చుకుని తెచ్చుకోవాల్సిందే. నోటు మీద రియాల్, జనం నోట్లో తొమాన్. పది రియాల్స్ ఒక తొమాన్. పైగా వేలు మింగేసి చెప్తారు, "రెండొందలు" అంటే రెండు లక్షల తొమాన్లు. నేను రెండు లక్షల రియాల్స్ లెక్కపెట్టి ఇచ్చి దర్జాగా వెళ్ళిపోబోయాను. దుకాణం పెద్దాయన కోప్పడలేదు, చేయి పట్టి వెనక్కి లాగి, సున్నాలు వేలితో లెక్కపెట్టి చూపించాడు. టాక్సీలో దీనికి తలకిందులు: ఎంత అని అడిగితే డ్రైవరు "ఖాబెల్ నదారే" అన్నాడు, మీకంటే ఎక్కువేం కాదు అని. నిజంగా వద్దంటున్నాడనుకుని దిగబోయింది అక్క. అది మర్యాద మాట, తారుఫ్ అంటారు, రెండు మూడుసార్లు బతిమాలితే తీసుకుంటారు. మన ఇళ్ళల్లో "భోంచేసి వెళ్ళండి" లాంటిదే.

సాయంత్రం సీ ఓ సే పోల్, 33 కమానుల వంతెన, దాదాపు 300 మీటర్లు. షా అబ్బాస్ సేనాపతి అల్లావెర్దీ ఖాన్ కట్టించాడు. కింద జాయందే రూద్‌లో నీళ్ళు లేవు. నది ఇసకలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఆ పేరుకి అర్థం బతుకునిచ్చే నది.

నాలుగో రోజు, శనివారం

ఈ రోజు కావాలనే వెనక నుంచి మొదలుపెట్టాం. ముందు పాత జామే మసీదుకి వెళ్ళి, అక్కణ్ణుంచి బజారు పట్టుకుని నడుచుకుంటూ మైదానానికి. జామే మసీదులో సెల్జుక్ సుల్తానుల మంత్రి నిజాముల్ ముల్క్ కట్టించిన దక్షిణపు గుమ్మటం 1086 నాటిది, రెండేళ్ళకి అతని ప్రత్యర్థి తాజుల్ ముల్క్ ఉత్తరాన ఇంకొకటి కట్టించాడు. ఉత్తరపు గుమ్మటం చిన్నది. లోపల రంగు లేదు, టైలు లేదు, ఒట్టి ఇటుక. నీలం చూసి చూసి ఉన్న కళ్ళకి అది చల్లగా తగిలింది. నిజం చెప్పాలంటే నాకు షా మసీదుకన్నా ఇదే నచ్చింది, అక్క ఒప్పుకోలేదు.

ఊరి అసలు నడుమ అదీ. పాత మైదానం, పాత వర్తకులు, పాత పెద్ద కుటుంబాలు అన్నీ అక్కడే. షా అబ్బాస్ వాళ్ళ మధ్య ఇల్లు కట్టుకోలేదు, దాదాపు రెండు కిలోమీటర్లు దక్షిణానికి జరిగి, ఖాళీ తోటల్లో తన నడుమ తను కట్టుకున్నాడు. కానీ జనం కొత్త చోటికి ఊరికే రారు కదా. అందుకే పాత బజారుని పొడిగించి తెచ్చి తన మైదానానికి అతికించాడు. ఆ అతుకే ఖైసరియా వాకిలి. కప్పున్న బజారులో ఆ రెండు కిలోమీటర్లూ నడిచాం. పైన చిన్న గుమ్మటాలు వరసగా, ప్రతి దాని నడినెత్తినా ఒక కన్నం, కన్నం లోంచి ఎండ కడ్డీలా దిగి దుమ్ములో నిలబడుతుంది. మిరియాలు, ఎండు గులాబీలు, ప్లాస్టిక్ బకెట్లు, పెళ్ళి గౌన్లు, అన్నీ ఉన్నాయి. పట్టు వ్యాపారం రాజు తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ వ్యాపారం తెలిసిన ఆర్మేనియన్లని 1604-05లో వాళ్ళ ఊరు జుల్ఫా నుంచి బలవంతంగా ఖాళీ చేయించి తీసుకొచ్చి నదికి అవతల కొత్త జుల్ఫాలో పెట్టాడు. వాళ్ళ చర్చీలు ఇంకా ఉన్నాయి, మాకు టైము చాల్లేదు.

ఖైసరియా వాకిలి దగ్గర బయటికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే కమాను మీద విలుకాడి బొమ్మ, సగం మనిషి, సగం పులి, తోక పాము. ధనూరాశి, ఈ ఊరి రాశి అట. లోపల ఉజ్బెకులతో షా అబ్బాస్ యుద్ధం బొమ్మలు మాసిపోయి ఉన్నాయి. అక్కడే, వాకిలికి కొంచెం లోపల, దబ్ దబ్ అని చప్పుడు వినిపించింది. అక్క ఆగిపోయింది.

కలంకారి. వీళ్ళు గలంకార్ అంటారు. ఒక ముసలాయన పొట్టి బల్ల ముందు కూచుని గుడ్డ మీద చెక్క అచ్చు ఆనించి, చేతికి గుడ్డల మెత్త కట్టుకుని పిడికిలితో గుద్దుతున్నాడు. నల్లరంగు అచ్చు ఒకసారి, అదే పువ్వు మీద ఎరుపు అచ్చు, ఆపైన నీలం, పసుపు. నాలుగు అచ్చులూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూచోవాలి, కొలబద్ద ఏమీ లేదు, అచ్చు మూలని వేలిగోరుతో తడిమి ఆనిస్తున్నాడు. ఆ గోరు పూర్తిగా నల్లబడి ఉంది. "పెడనలో చూసినట్టే ఉందిరా," అంది అక్క, "అదే దబ్ దబ్, అదే గోరు." గోల్కొండ రాజుల కాలంలో మచిలీపట్నం నుంచి అద్దకం గుడ్డలు ఓడలకెక్కి ఈ దేశానికే వచ్చేవి. మనం కలంకారి అనే మాటే పారసీకం, కలం పని అని. ఊరి నక్షా ఎటు నుంచి ఎటు వెళ్ళిందో మేం తేల్చుకోలేదు గానీ, గుడ్డ మాత్రం మన వైపు నుంచి ఇటు వచ్చింది. అక్క ఒక బల్లగుడ్డ కొంది, ఈసారి సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టి.

చివరగా అలీ కాపూ. కాపూ అంటే టర్కీ మాటల్లో వాకిలి. ఎత్తు 48 మీటర్లు, ఆరు అంతస్తులు, అయినా ఇది అసలు మహలు కాదు, వెనకున్న మహళ్ళకీ తోటలకీ గుమ్మం. గుమ్మం కాబట్టి గడప ఉంది. ఆ రోజుల్లో ఈ గడపని ఎవరూ తొక్కేవాళ్ళు కాదు, దాటి వెళ్ళేవాళ్ళు, తప్పు చేసినవాడు దీని దగ్గర కూచుంటే రాజు తప్ప ఇంకెవరూ లేపలేరు. ఈ సంగతి నేను బోర్డు చదివి అక్కకి చెప్పబోయేలోగా ఆవిడ అలవాటుగా కుడికాలు ముందు పెట్టి గడప దాటి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ గుమ్మం కప్పు కింద నాలుగు మూలలున్నాయి. ఎదురెదురు మూలల్లో గోడకి మొహం పెట్టి ఇద్దరు నిలబడి ఒకరు గుసగుసగా మాట్లాడితే మధ్యలో ఉన్నవాళ్ళకి వినిపించదు, అవతలి మూల ఉన్నవాళ్ళకి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది, శబ్దం కమాను వంపు పట్టుకుని పాకుతుంది. నేను ఒక మూల, అక్క ఒక మూల. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత గోడలోంచి వచ్చినట్టు, "ఒరేయ్, ఆకలేస్తోందిరా."

మెట్లు నిటారు, ఇరుకు, మోకాళ్ళు బాగాలేనివాళ్ళు ఆలోచించుకోండి. మధ్యలో 18 చెక్క స్తంభాల వసారా, దాని నడుమ రాగి పళ్ళెం పరిచిన చిన్న కొలను. అంత ఎత్తుకి నీళ్ళెలా ఎక్కించారో అక్కడున్న ఉద్యోగిని అడిగి అడిగి విసిగించింది అక్క. ఈ వసారా షా రెండో అబ్బాస్ కాలంలో చేర్చింది. రాజూ, ఆయన అతిథులూ ఇక్కడ కూచుని కింద చౌగాన్ చూసేవాళ్ళు. అన్నిటికన్నా పైన సంగీతం గది. గోడలకీ కప్పుకీ గచ్చుతో గూళ్ళు, ప్రతి గూడూ ఒక సీసా, ఒక కూజా, ఒక గిన్నె ఆకారంలో కోసి ఉంది. వెనక బోలు. శబ్దం ఆ బోలులో మెత్తబడుతుందంటారు. వెళ్ళినవాళ్ళం అందరం ఎందుకో గొంతు తగ్గించేశాం.

వసారా మీద నిలబడితే మొత్తం ఒక్క చూపులో అందుతుంది. ఎదురుగా లుత్‌ఫుల్లా గుమ్మటం పక్కకి జరిగి, కుడివైపు షా మసీదు భుజం తిప్పుకుని, ఎడమవైపు బజారు నోరు తెరుచుకుని. మసీదుకి మసీదు మొహమూ, మహలుకి మహలు మొహమూ, బజారుకి బజారు మొహమూ ఈ ఇసక నేల వైపు పెట్టించి, ఒళ్ళు మాత్రం ఎవరి దారిన వాళ్ళు ఎటు కావాలంటే అటు పెట్టుకోమన్నాడు ఆ రాజు. మధ్యలో ఏమీ కట్టలేదు, విగ్రహం లేదు, స్తంభం లేదు. చార్మినార్‌ని అడ్డంగా మధ్యలోనే నిలబెట్టిన వాళ్ళం కదా, నాకు అది కొంచెం కొరతగానే అనిపించింది, నాలుగు రోజులు చూశాక కూడా.

సాయంత్రం బస్సుకి ఇంకా రెండు గంటలుండగా అక్క షా మసీదు ద్వారం దగ్గర చెప్పులు సర్దుకుని, "ఈసారి ఎవరైనా పలకరిస్తే నువ్వు మాట్లాడు" అని బయల్దేరింది. నేను పక్కన బల్లగుడ్డ సంచీ మోసుకుంటూ. దారిలో ముగ్గురు పలకరించారు, ముగ్గురికీ నేనే అమితాబ్ గురించి చెప్పాను. గోలుపోస్టు దాటి, బగ్గీలు తప్పించుకుని, ఖైసరియా మెట్టు దగ్గర ఆగింది. 857 అడుగులు. తన అడుగు 65 సెంటీమీటర్లని సర్వీసు రోజుల నుంచీ ఆవిడకి తెలుసు, గుణిస్తే 557 మీటర్లు.

"మధ్యలో కొలను చుట్టూ తిరిగావు కదా అక్కా, అది ఎక్కువ పడుంటుంది."

"అది తీసేశానురా," అంది, ఊపిరి ఆడక బెంచీ వెతుక్కుంటూ.